పండగ మర్నాటి మాట



పండగ నాలుగు రోజులుందనగా ఇల్లు దులపడం మొదలుపెడతాం. అటక మీది సామానంతా కిందికి దిగుతుంది. చదివేసిన పత్రికలు, ఒంటి కాలు పోయిన పీట, జరీ అంచు మాత్రం మిగిలిన చీర, నిరుటి శుభలేఖలు, మూతలు పోయిన డబ్బాలు అన్నీ గుమ్మం అవతల గుట్టపడతాయి. ఆ సాయంత్రమే బజారుకు వెళ్ళి ప్లాస్టిక్ మామిడాకుల తోరణం, మెరుపు దండలు కొనుక్కొస్తాం. బయటికి పోయిందేమిటి, లోపలికి వచ్చిందేమిటి అని ఒక్కసారి లెక్క చూసుకుంటే మంచిది కదూ? ఈ పూట ఆ లెక్కే చూద్దాం. అందుకోసం ముందుగా ఒక బొగ్గు ఊరి సంగతి చెప్పాలి.

ఖమ్మం వైపు నుంచి భద్రాచలం అడవుల్లోకి అడుగుపెట్టే దారిలో ఇల్లందు ఉంది. బొగ్గుట్ట అని దానికి ఇంకో పేరు. పూర్వం భద్రాద్రి రాముడి దర్శనానికి వెళ్ళే యాత్రికులు ఇక్కడ ఆగి, దొరికిన నల్ల రాళ్ళు మూడు పేర్చి పొయ్యి పెట్టుకున్నారట. అన్నం ఉడికేలోగా పొయ్యి రాళ్ళే అంటుకున్నాయట. ఇది జనం చెప్పుకునే కథ. చరిత్ర చెప్పేదేమంటే, 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఉన్నదని కనిపెట్టాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889 నాటికి బొగ్గు పైకి రావడం మొదలైంది. ఆ ఏడాదే డోర్నకల్ మీదుగా బెజవాడకు రైలు దారి పూర్తయింది. డోర్నకల్ నుంచి ఇల్లందుకు ఒక కొమ్మ లైను వేశారు. దగ్గర్లోని సింగరేణి గ్రామం పేరు 1920లో కంపెనీకే పేరైంది. 1945లో కంపెనీ నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది.

తవ్వకాలతోపాటు మనుషులూ వచ్చారు. చుట్టుపక్కల పల్లెలవాళ్ళు, గోదావరి అవతలివాళ్ళు, దూర రాష్ట్రాలవాళ్ళు ఒకే వరసలో కాపురం పెట్టారు. ఊరు కొత్తది, ఇల్లు ఇరుకు, పండగ మాత్రం ఎవరి పుట్టింటిది వాళ్ళకి పాతదే. అప్పుడు ఆడవాళ్ళకు ఎదురైన ప్రశ్న చాలా చిన్నది: ఇంట్లో ఏముంది, దాంతో పండగ ఎలా చెయ్యాలి? మన పండగ అలంకారాల చరిత్రంతా దాదాపు ఈ ఒక్క ప్రశ్నకు జవాబే.

బతుకమ్మనే చూడండి. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండగ చేసింది, తంగేడును రాష్ట్ర పుష్పం చేసింది. అంతకుముందు ఆ తంగేడు ఎక్కడుండేది? బీడు భూముల్లో, బాట పక్కన. ఎవరూ నాటరు, నీళ్ళు పొయ్యరు. దాని బెరడు తోళ్ళు ఊనడానికి వాడేవారు, పువ్వు మాత్రం ఏడాదంతా ఎవరికీ పట్టేది కాదు. గునుగు సంగతి ఇంకా విచిత్రం. జొన్నచేనులో అది కలుపు మొక్క. రైతు పీకి గట్టు మీద పారేసే మొక్కను, పెత్రమాస నాటికి ఆయన ఇల్లాలే వెతికి వెతికి కోసుకొస్తుంది. కొసలు కత్తిరించి, కట్టలు కట్టి, కొన్నిటిని తెల్లగా ఉంచి కొన్నిటిని రంగులో ముంచి సిబ్బిలోనో తాంబాళంలోనో వరసలుగా పేరుస్తుంది. మధ్యలో ఖాళీ వస్తుంది కదా, దాన్ని దేనితో నింపుతారు? పూలు కోయగా మిగిలిన ఆకుతోనే, తుంచేసిన కాడలతోనే. పైకి కనిపించే అందమంతా లోపల ఉన్న ఆ చెత్త మీదే నిలబడుతుంది. తొమ్మిదో నాడు సద్దుల బతుకమ్మ చెరువు చేరుతుంది. పువ్వు నీళ్ళలో కలుస్తుంది, తాంబాళం ఇంటికి తిరిగొస్తుంది.

ఈ చివరి మాటే నా మాటల్లో ముఖ్యమైనది. పాతకాలపు అలంకారానికి పండగ ఎంత ఖాయమో, పండగ మర్నాడు ఎక్కడికి పోవాలన్నది కూడా అంతే ఖాయం. బియ్యప్పిండి ముగ్గు చీమల పాలవుతుంది. మామిడాకు తోరణం ఎండి పెంటకుప్పలో ఎరువవుతుంది. గొబ్బెమ్మ పిడకై పొయ్యిలోకి పోతుంది. బొమ్మల కొలువు మెట్ల మీద పరిచిన పట్టుచీర మడతపడి మళ్ళీ పెట్టెలోకి వెళుతుంది. పండగ సామాను అని వేరే ఏమీ లేదు. ఇంటి సామానే ఆ నాలుగు రోజులు పండగ వేషం కట్టేది.

ముగ్గు రంగులు ఎక్కడివి? పసుపు వంటింటిది. ఆ పసుపులో కాస్త తడి సున్నం కలిపితే ఎర్రబడుతుంది, హారతి పళ్ళెంలో పారాణి నీళ్ళు మనందరం చేసినవే. విరిగిన ఇటుక దంచితే ఇంకో ఎరుపు. ఆకులు నీడన ఎండబెట్టి పొడి చేస్తే పచ్చ. పొయ్యిలో మిగిలిన బొగ్గు నూరితే నలుపు. ఇక బొగ్గు ఊరిలో నలుపుకి కరువేముంది!

బొమ్మల కొలువు కోస్తా నుంచి వచ్చిన కుటుంబాలతో పాటు వచ్చిన ముచ్చట. మెట్లకి ప్రత్యేకంగా వడ్రంగిని పిలిచిన ఇళ్ళు తక్కువే. అడుగున ట్రంకు పెట్టెలు, వాటి మీద కిరసనాయిలు డబ్బాలు, పైన పీటలు, అన్నిటినీ కప్పేస్తూ ఒక చీర. కొలువులో కూర్చునే కొండపల్లి బొమ్మ కూడా ఈ జాతిదే. డోర్నకల్ నుంచి బెజవాడ వెళ్ళే రైలు దారిలోనే కొండపల్లి స్టేషను వస్తుంది. తెల్లపొణికి కర్రతో చెక్కిన చేతులూ కాళ్ళూ మొండేనికి అతికేది దేనితోననుకున్నారు? చింతగింజల పొడీ, రంపపు పొట్టూ కలిపిన మక్కుతో. పులుసు పిసికాక మిగిలే గింజ, కర్ర కోశాక మిగిలే పొట్టు. ఆ రెండూ లేకపోతే దశావతారాల్లో ఒక్కరికీ చేతులు నిలవవు!

డాల్డా డబ్బా గుర్తుందా? డాల్డా మన దేశపు బజారుకు 1937లో వచ్చింది. నెయ్యికి బదులు వచ్చిన ఆ వనస్పతి మంచీ చెడూ అలా ఉంచండి, కొబ్బరిచెట్టు లాంటి బొమ్మ ఉన్న పచ్చటి రేకు డబ్బా మాత్రం మన ఇళ్ళలో రెండో జన్మ ఎత్తింది. పప్పులు పోసుకున్నాం, తులసి నాటుకున్నాం. చిల్లులు పొడిచి లోపల ప్రమిద పెడితే కార్తీకంలో ఆకాశదీపం. ఇక పాత చీరలకు స్టీలు గిన్నెలిచ్చే గంపల ఆవిడతో బేరాలు చెయ్యనివారెవరు? ఆరు చీరలకి ఒక బేసిన్ ఇస్తానని ఆవిడ, నాలుగు చాలని మనం. చిరిగిన చీరకు కూడా ధర ఉందని అప్పట్లో అమ్మేవాళ్ళకీ కొనేవాళ్ళకీ తెలుసు.

ఇప్పుడు కాగితం దగ్గరికి వద్దాం. క్రీస్తు శకం 105లో చైనా రాజాస్థానంలో సాయ్ లున్ అనే ఉద్యోగి కొత్త రకం కాగితం చేసి చక్రవర్తికి చూపించాడని ఆ దేశపు చరిత్ర చెబుతుంది. దేనితో చేశాడు? చెట్ల బెరడు, జనపనార, చింకి గుడ్డలు, పాత చేపల వలలతో. అంటే కాగితం పుట్టుకే పారేసిన వస్తువుల్లోంచి. మన అమ్మమ్మలు కాగితాలు నానబెట్టి, మెంతులు కలిపి రోట్లో రుబ్బి, బోర్లించిన బిందె మీద మెత్తి గంపలు చేసుకున్నారంటే, తెలియకుండానే ఆ పాత విద్యను ఇంకో మెట్టు ఎక్కించారన్నమాట.

శ్రీరామనవమి వస్తే భద్రాచలం చుట్టుపక్కల ఏ వీధి చూసినా పందిళ్ళే. తాటాకులో కొబ్బరి మట్టలో కప్పి, పురికొసకి రంగు కాగితాల జెండాలు బంకతో అతికించి, ఈ స్తంభం నుంచి ఆ స్తంభానికి కట్టడం పిల్లల పని. బంక వంటింట్లో కాచిన మైదాది. అదే బంకతో మొహర్రానికి వెదురు బద్దల మీద రంగు కాగితం అంటించి తాజియాలు కట్టడం దక్కనులో పాత పద్ధతి. అదే బంక, అదే వెదురుతో క్రిస్మసుకు నక్షత్రం. ఇల్లందు రైలు మొదలయ్యే డోర్నకల్‌లోనే, 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్పు అయిన అజరయ్య గారు పనిచేశారు. ఆయన కట్టించిన పెద్ద గుడికి 1939లో ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలూ స్తంభాలూ మన దేశపు పద్ధతిలో ఉంటాయి. కాగితపు నక్షత్రానికి కూడా ఒక చరిత్ర ఉంది. 1830 ప్రాంతాల్లో జర్మనీలోని నీస్కీ అనే ఊళ్ళో మొరేవియన్ సంఘం బడిలో పిల్లలకు రేఖాగణితం నేర్పడానికి చేయించిన కాగితపు నక్షత్రమే తరవాత పండగ దీపమైంది. అన్ని మతాల పండగలకీ మైదా బంక ఒక్కటే. ఎవరింటి పొయ్యి మీద కాచినా అది అంటుకుంటుంది.

మనదొక్కటే ఇలాంటి ఆచారం అనుకోకండి. జపానులో సెందాయ్ నగరంలో ఏటా ఆగస్టు 6 నుంచి 8 దాకా తనబాత పండగ చేస్తారు. వెదురు కొమ్మలకు ఏడు రకాల కాగితపు అలంకారాలు కడతారు. అందులో ఒకటి చెత్తబుట్ట! మిగతా ఆరు రకాలు చెయ్యగా రాలిన కాగితపు ముక్కలన్నీ ఏరి, కాగితంతోనే చేసిన ఒక చిన్న బుట్టలో వేసి దాన్ని కూడా కొమ్మకి వేలాడదీస్తారు. శుభ్రతకీ పొదుపుకీ అది గుర్తు. చెత్తని దాచిపెట్టకుండా అలంకారాల సరసన కూర్చోబెట్టిన ఆ ఆలోచన చూడండి, ఎంత ముచ్చటగా ఉందో! రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండులో కాగితానికి కటకట వస్తే, అక్కడి తల్లులు పాత పత్రికలకు రంగు పూసి, పట్టీలుగా కోసి, గొలుసులల్లి క్రిస్మసు గడిపారు.

మరి మన దగ్గర ఇదంతా ఎప్పుడు మారింది? ఒక్క రోజులో మారలేదు. రేకు డబ్బా స్థానంలో ప్లాస్టిక్ డబ్బా వచ్చింది. మామిడాకు స్థానంలో వాడని ఆకు వచ్చింది. మండపానికి వెదురు బదులు తెల్లటి థర్మోకోల్ వచ్చింది. వాడిపోదు, బరువుండదు, చవక. ఇంకేం కావాలి అనుకున్నాం. వాడిపోకపోవడమే దాని దోషమని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. థర్మోకోల్‌లో ఎక్కువ భాగం గాలే. పొడిపొడిగా విరిగి చెరువు మీద తేలుతుంది గానీ మట్టిలో కలవదు. దాన్ని కాల్చకూడదు, పశువు తింటే దానికి ప్రమాదం. చివరికి ప్రభుత్వమే కలగజేసుకోవలసి వచ్చింది. విగ్రహాల నిమజ్జనానికి ప్లాస్టిక్, థర్మోకోల్ సామాను వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020 మే నెలలో మార్గదర్శకాలు సవరించింది. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ మీద 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం అమలులోకి వచ్చింది. ఆ జాబితాలో ప్లాస్టిక్ జెండాలున్నాయి, బెలూన్ల ప్లాస్టిక్ పుల్లలున్నాయి, అలంకరణకు వాడే థర్మోకోల్ కూడా ఉంది. మన పండగ పందిరి సామాను చట్టం దాకా ఎక్కిందన్నమాట.

అయితే ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న ఉంది. "ఇవన్నీ చెయ్యడానికి తీరికెక్కడిదమ్మా? బజారులో యాభై రూపాయలు పారేస్తే అయిపోతుంది" అని మీలో చాలామంది అంటారు. అది కాదనలేని మాట. గతాన్ని మరీ బంగారంలా చూడక్కర్లేదు. పండగ ముందు రాత్రి అందరూ పడుకున్నాక రోలు ముందు కూర్చుని కాగితం రుబ్బింది ఇల్లాలే. తెల్లవారుజామున లేచి ముగ్గు పెట్టిందీ ఆమే. బొగ్గు ఎన్ని టన్నులు పైకి వచ్చిందో కంపెనీ పుస్తకాల్లో ఏటేటా రాసుకున్నారు. ఆ బొగ్గు తవ్వినవాడి ఇంట్లో పండగ నిలబెట్టిన చేతుల లెక్క ఏ పుస్తకంలోనూ రాయలేదు. కొన్న తోరణం చవక అని మనకి అనిపించడానికి కారణం కూడా అదే. చేసిన తోరణంలో మన పనికి వెల వెయ్యలేదు, కొన్న తోరణంలో చెరువుకి జరిగే నష్టానికి వెల వెయ్యలేదు. రెండు లెక్కలూ తప్పే.

అందుకని నేను చెప్పేది అన్నీ ఇంట్లో చేసుకోండని కాదు. పండగకి ఒక్కటి చెయ్యండి, ఒక్కరే చెయ్యకండి. బడి పిల్లలకు కత్తెర ఇవ్వండి. ఇంటాయనకి పురికొస కట్టే పని అప్పచెప్పండి. పక్కింటి పిన్నిగారిని బంక కాచమనండి. నలుగురు కూర్చుంటే అది పనిలా ఉండదు, అదే సగం పండగ.

తేలికైనవి మూడు చెబుతాను. మొదటిది శుభలేఖల తోరణం. పాత శుభలేఖలు మందంగా, మెరుస్తూ ఉంటాయి. మామిడాకు ఆకారం అట్ట మీద ఒకటి గీసుకుని, దాని ప్రకారం ఇరవై ఒక్కటి కోయండి. పైభాగం వేలెడంత వెనక్కి మడిచి, మడతలో పురికొస పెట్టి అంటించండి. పేర్లున్న వైపు లోపలికి రానివ్వండి. ఏ పండగకైనా కట్టుకోవచ్చు, విప్పి కవరులో దాచుకోవచ్చు. బంకకి గ్లాసు నీళ్ళలో రెండు చెంచాల మైదా ఉండలు లేకుండా కలిపి సన్నసెగ మీద కాస్తే చాలు. పురుగు పట్టకుండా పూర్వం మైలుతుత్తం వేసేవారు. అది విషం. పిల్లలు తిరిగే ఇంట్లో అది వద్దు, ఏ పూట బంక ఆ పూటే కాచుకోండి.

రెండోది చీర అంచు పరదా. చీర చిరిగినా అంచు గట్టిగానే ఉంటుంది. రెండు మూడు చీరల అంచులు కోసి, గుమ్మం వెడల్పు గుడ్డ పట్టీకి వరసగా వేలాడేట్టు కుట్టండి. కింద కొసలకి తెగిన గాజులు కాదు, పాత చొక్కాల గుండీలు కుట్టండి. బరువుకి అంచు చక్కగా జారుతుంది. ఉతుక్కోవచ్చు, ఇస్త్రీ చేసుకోవచ్చు.

మూడోది కాగితం గుజ్జు పళ్ళెం. వార్తాపత్రికలు చిన్న ముక్కలుగా చింపి మూడు రోజులు నానబెట్టండి, రోజూ నీళ్ళు మార్చండి. గట్టిగా పిండి, రాత్రి నానేసిన రెండు గుప్పిళ్ళ మెంతులతో కలిపి మెత్తగా రుబ్బండి. మెంతి జిగురు పట్టి ఉంచుతుంది, ఆ చేదుకి పురుగు తొందరగా చేరదని పెద్దల మాట. బోర్లించిన పళ్ళెం మీద తడిగుడ్డ పరిచి, అరంగుళం మందాన మెత్తి, ఒక రోజు నీడన, తరవాత ఎండలో ఆరనివ్వండి. పైన సున్నమో జాజో పూసి ముగ్గు దించుకోండి. పూలు పెట్టుకోవడానికి, బొమ్మల ముందు అలంకారానికి బాగుంటుంది. అచ్చు సిరా ఉన్న కాగితం కాబట్టి తినే వస్తువులు మాత్రం అందులో పెట్టకండి. ఇంకో జాగ్రత్త: కాగితపు అలంకారం ఏదైనా దీపానికి దూరంగా ఉండాలి.

ఈ మూడింటికీ ఖర్చు కంటే ముఖ్యంగా ఒక సుగుణముంది. మర్నాడు ఎక్కడికి పోతాయో మనకు తెలుసు. తోరణం కవరులోకి, పరదా బీరువాలోకి, పళ్ళెం విరిగిపోతే మళ్ళీ నానబెట్టే తొట్టిలోకి. నల్ల రాయిని చూసి రాయే అనుకుంటే ఇల్లందు లేదు. కలుపు మొక్కను చూసి కలుపే అనుకుంటే బతుకమ్మ లేదు. పనికిరానిది అని తేల్చే ముందు ఇంకోసారి చూడటం మన ఆడవాళ్ళు తరతరాలుగా చేసిన పని. ఆ చూపు అమ్మాయిలకే కాదు, అబ్బాయిలకు కూడా నేర్పితే ఇంకా మంచిది.

కాబట్టి ఈసారి ఇల్లు దులిపేటప్పుడు ఒక్క అట్టపెట్టె పక్కన పెట్టుకోండి. పారేయబోయే వాటిలో కాగితం, గుడ్డ, గుండీలు, రేకు డబ్బాలు అందులో వెయ్యండి. బజారులో ఏదైనా అలంకారం చేతిలోకి తీసుకున్నప్పుడు, "పండగ మర్నాడు దీన్ని ఏం చెయ్యాలి?" అని దుకాణదారుణ్ణి అడగండి. ఆయన దగ్గర జవాబు లేకపోతే అది అక్కడే ఉంచి రండి.